డిస్క్ పాడవలేదు, తాళం అది కాదు: రీజియన్ కోడ్, పాల్, ఎన్‌టీఎస్‌సీ అసలు కథ

మీ ఇంట్లో అటక మీదో, బీరువా అడుగునో పాత డీవీడీల సంచి ఒకటి ఉండే ఉంటుంది. సినిమా డిస్కుల సంగతి వదిలేయండి, ఆ సినిమాలు ఎక్కడో ఒకచోట దొరుకుతాయి. పెళ్లి, పుట్టినరోజు, గృహప్రవేశం డిస్కులు అలా కాదు. చాలా ఇళ్లలో ఉన్నది ఆ ఒక్క కాపీయే. వాటిలో ఒకటి రెండు ఆడవు. అమెరికా నుంచి వచ్చిన డిస్క్ అయితే "దానికి రీజియన్ లాక్ ఉంది, మన దగ్గర ఆడదు" అని ఎవరో ఒకరు తీర్పు చెప్పేసి ఉంటారు.

ఇంట్లో తీసిన వీడియోల విషయంలో ఆ తీర్పు తప్పు. మా ఇంట్లో ఈ పొరపాటు రెండుసార్లు జరిగింది. రెండోసారి దాని ఖరీదు చాలా ఎక్కువ పడింది. అందుకే ఈ ఆర్టికల్.

మా ఇంట్లో ఏం జరిగిందంటే

2004లో డాలస్‌లో ఉన్న మా అక్క, కొడుకు మొదటి పుట్టినరోజు వీడియోను డీవీడీలో రాసి పంపింది. అనంతపురంలో మా ఇంట్లో అప్పుడు ఉన్నది 21 అంగుళాల డబ్బా టీవీ, దానికి కొత్తగా కొన్న డీవీడీ ప్లేయర్. అవ్వను ముందు కుర్చీలో కూర్చోబెట్టి డిస్క్ పెట్టాం. మాటలు బాగానే వినిపిస్తున్నాయి. బొమ్మ మాత్రం నలుపు తెలుపులో, నిలవకుండా పైకి పరుగులు తీస్తోంది. "ఏమ్రా, పిల్లోడు ఎగిరెగిరి పడతాండాడు? వాన్ని ఒకచోట నిలబడమని చెప్పు" అనింది అవ్వ.

టౌన్‌లో ఒక షాపులో చూపిస్తే, "అమెరికా డిస్క్ కదా తమ్ముడూ, రీజియన్ లాక్ ఉంటాది" అని 200 రూపాయలు తీసుకుని ప్లేయర్‌ను అన్‌లాక్ చేసి ఇచ్చాడు. ఇంటికి తెచ్చి పెడితే అదే పరుగు. నాలుగు రోజుల తర్వాత రిమోట్ తిరగేసి చూస్తుంటే ఒక మూలన ఎన్/పీ అనే చిన్న బటన్ కనిపించింది. నొక్కాను. బొమ్మ నిలబడింది, రంగులు వచ్చాయి, అవ్వ మునిమనవడు కేకు కోశాడు.

మరుసటి ఏడాది ఉగాదికి మేము అవ్వను కూర్చోబెట్టి వీడియో తీయించాం. అక్క గురించి, చిన్నప్పటి ఊరి గురించి, బావులు ఎండిపోయిన ఏడాది గురించి ఆమె గంటసేపు మాట్లాడింది. ఆ డీవీడీని అమెరికా వెళ్తున్న ఒకాయన చేతికిచ్చి పంపాం. అది అక్కడ అక్క ప్లేయర్‌లో ఆడలేదు. దారిలో పాడైందేమో అనుకుని అక్క దాన్ని దాచి పెట్టేసింది. అవ్వ ఫోన్‌లో "చూసినావా?" అని అడిగితే, బాధపడుతుందని "చూసినా అవ్వా" అని చెప్పింది. మాకూ అదే చెప్పింది.

ఆ డిస్క్‌లో ఏ లోపమూ లేదు. ఎందుకో అర్థం కావాలంటే ముందు ఒక విషయం తేల్చుకోవాలి. మనం ఒకటే అనుకునే అడ్డంకి నిజానికి రెండు. ఒకటి వ్యాపారం వేసిన తాళం. ఇంకోటి కరెంటు వల్ల వచ్చిన తేడా.

మొదటి అడ్డంకి: రీజియన్ కోడ్

డీవీడీ 1996 చివర్లో జపాన్‌లో, 1997లో అమెరికాలో మార్కెట్లోకి వచ్చింది. అప్పట్లో హాలీవుడ్ సినిమా అన్ని దేశాల్లో ఒకే రోజు విడుదలయ్యేది కాదు. అమెరికాలో డిస్క్ వచ్చేసరికి కొన్ని దేశాల్లో సినిమా ఇంకా థియేటర్‌కే రాకపోవచ్చు. అక్కడి డిస్క్ ఇక్కడికి వస్తే థియేటర్ కలెక్షన్‌కు దెబ్బ. పైగా ఒక్కో దేశంలో ఒక్కో ధర. ఈ రెండు భయాలతో స్టూడియోలు ప్రపంచాన్ని ముక్కలు చేసి నంబర్లు ఇచ్చాయి.

1 అంటే అమెరికా, కెనడా. 2 అంటే యూరప్‌లో చాలా భాగం, జపాన్, గల్ఫ్ దేశాలు, దక్షిణాఫ్రికా. 3 ఆగ్నేయాసియా, దక్షిణ కొరియా, తైవాన్. 4 ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, లాటిన్ అమెరికా. 5 మన దేశం, రష్యా, ఆఫ్రికాలో చాలా భాగం. 6 చైనా. విమానాలు, ఓడల్లాంటి చోట్లకు 8.

ఇది పనిచేసే తీరు చాలా సింపుల్. డిస్క్‌లోని ఒక ఫైల్‌లో, ఏయే ప్రాంతాల్లో ఆడకూడదో చెప్పే 8 బిట్ల గుర్తు ఉంటుంది. ప్లేయర్‌లో దాని సొంత నంబర్ ఉంటుంది. రెండూ కుదరకపోతే ప్లేయర్ స్క్రీన్ మీద "రాంగ్ రీజియన్" లాంటి మెసేజ్ వేసి ఆగిపోతుంది. అంటే ప్లేయర్‌కు ఆ డిస్క్ చదవడం వచ్చు, చదవొద్దని చెప్పారు కాబట్టి చదవదు. కంప్యూటర్ డ్రైవ్‌లు కూడా అంతే. 2000 నుంచి వచ్చిన డ్రైవ్‌లలో రీజియన్‌ను 5 సార్లు మాత్రమే మార్చుకోవచ్చు. ఆ తర్వాత చివరిది శాశ్వతం.

ఇక్కడ గుర్తు పెట్టుకోవాల్సిన పాయింట్ ఒకటే. ఈ గుర్తు కంపెనీ కావాలని పెడితేనే ఉంటుంది. ఇంట్లో కంప్యూటర్ మీద రాసిన డిస్క్‌కు, ఊర్లో వీడియోగ్రాఫర్ ఇచ్చిన పెళ్లి డిస్క్‌కు రీజియన్ తాళం ఉండదు. కాబట్టి మా అక్క పంపిన పుట్టినరోజు డిస్క్‌కు షాపాయన తీసిన తాళం అసలు లేనే లేదు. నా 200 రూపాయలు దేనికి పోయాయో ఇప్పుడు మీకు అర్థమైంది కదా.

రెండో అడ్డంకి: పాల్, ఎన్‌టీఎస్‌సీ

ఇది ఎవరూ కావాలని వేసింది కాదు. దీని మూలం గోడ మీది ప్లగ్‌లో ఉంది.

మన కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. అమెరికాది 120 వోల్టులు, 60 హెర్ట్జ్. వోల్టేజీ గురించి అనంతపురం వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. సాయంత్రం పొలాల్లో బోరు మోటార్లన్నీ ఒకేసారి ఆన్ అయితే ఇంట్లో ట్యూబ్‌లైట్ మినుకు మినుకుమంటుంది. టీవీ పక్కన స్టెబిలైజర్ పెట్టుకున్నది అందుకే. కానీ హెర్ట్జ్ వేరు. అది కరెంటు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో చెప్పే లెక్క. గ్రిడ్ మొత్తానికి ఒకటే ఉంటుంది, మన వీధి ట్రాన్స్‌ఫార్మర్ మీద ఆధారపడదు. ఇప్పుడు మన గ్రిడ్‌ను 49.90 నుంచి 50.05 మధ్య ఉంచాలన్నది నియమం.

పాతకాలం టీవీల్లో కరెంటు ఊపుకు, బొమ్మ మారే వేగానికి పొంతన లేకపోతే తెర మీద చారలు కదిలేవి. అందుకని ఇంజనీర్లు బొమ్మ వేగాన్ని కరెంటుకే కట్టేశారు. అమెరికాలో సెకనుకు 60 సగం బొమ్మలు, అంటే 30 ఫ్రేములు, ఒక్కో ఫ్రేములో 525 గీతలు. 1953లో రంగులు కలిపినప్పుడు చిక్కు రాకుండా ఆ వేగాన్ని కొంచెం తగ్గించారు. వీడియో ఎడిటింగ్ యాప్‌లలో కనిపించే 29.97 అనే వింత నంబర్ అక్కడి నుంచి వచ్చిందే. ఇదే ఎన్‌టీఎస్‌సీ.

50 హెర్ట్జ్ దేశాలు సెకనుకు 25 ఫ్రేములు, 625 గీతలు తీసుకున్నాయి. ఎన్‌టీఎస్‌సీలో సిగ్నల్ కొంచెం తేడా పడితే మనుషుల ముఖాలు పచ్చగానో ఊదాగానో మారిపోయేవి. జర్మనీలో టెలిఫుంకెన్ కంపెనీ ఇంజనీర్ వాల్టర్ బ్రూక్ దీనికి 1960ల మొదట్లో ఒక ఉపాయం కనిపెట్టాడు. గీత విడిచి గీతకు రంగు సిగ్నల్‌లో ఒక భాగాన్ని తిరగేసి పంపడం. ఒక గీతలో వచ్చిన తప్పును పక్క గీతలో వచ్చిన ఎదురు తప్పు కొట్టేస్తుంది. దాని పేరే పాల్. మన దూరదర్శన్ 1982లో, ఢిల్లీ ఏషియన్ గేమ్స్ జరిగిన ఏడాది, రంగుల్లోకి మారినప్పుడు తీసుకున్నది పాల్‌నే.

ఇప్పుడు మా టీవీలో జరిగింది చూడండి. అది పాల్ మాత్రమే తెలిసిన సెట్. సెకనుకు 50 సగం బొమ్మల కోసం ఎదురుచూస్తోంది. ప్లేయర్ సుమారు 60 పంపుతోంది. లెక్క కుదరక బొమ్మ పరుగెత్తింది. ఎన్‌టీఎస్‌సీ రంగు సిగ్నల్ 3.58 మెగాహెర్ట్జ్ దగ్గర ఉంటుంది, మా టీవీ 4.43 దగ్గర వెతుకుతోంది. అందుకే రంగు పోయింది. మాటలకు ఈ గొడవ లేదు కాబట్టి అవి బాగా వినిపించాయి.

మరి ఒక్క బటన్‌తో ఎలా సరైంది? డీవీడీలో నిజానికి ఉన్నది డిజిటల్ డేటా. ఎన్‌టీఎస్‌సీ డిస్క్ అంటే 720×480 సైజు, సెకనుకు 29.97 ఫ్రేములు. పాల్ డిస్క్ అంటే 720×576, 25 ఫ్రేములు. దాన్ని టీవీకి ఏ పద్ధతిలో అందించాలో ప్లేయర్ నిర్ణయిస్తుంది. మన దగ్గర అమ్మిన ప్లేయర్లు చాలావాటికి రెండూ వచ్చు. సెటప్ మెనూలో టీవీ టైప్ అనే చోటో, రిమోట్ మీది ఎన్/పీ బటన్‌తోనో "పాల్‌లోకి మార్చి పంపు" అని చెప్తే చాలు.

అవ్వ వీడియో డాలస్‌లో ఎందుకు ఆడలేదు?

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఈ సౌకర్యం ఒకవైపే. మన దేశంలో, గల్ఫ్‌లో అమ్మే ప్లేయర్లకు ఎన్‌టీఎస్‌సీ కూడా నేర్పేవాళ్లు, ఎందుకంటే బయటి నుంచి వచ్చే డిస్కుల్లో అవి చాలా ఉండేవి. అమెరికాలో అమ్మే ప్లేయర్లలో చాలావాటికి పాల్ రాదు. అక్కడి జనానికి దాని అవసరం పడలేదు, కంపెనీలూ పట్టించుకోలేదు. కాబట్టి అక్కడి డిస్క్ ఇక్కడ ఎలాగోలా ఆడుతుంది. ఇక్కడి డిస్క్ అక్కడ మొండికేస్తుంది.

మన సినిమా డిస్కులు అమ్మేవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. పాత తెలుగు, హిందీ డీవీడీల వెనక వైపు చూడండి. చాలావాటి మీద "ఆల్ రీజియన్స్", "ఎన్‌టీఎస్‌సీ" అని ఉంటుంది. పాల్ దేశంలో తయారై ఎన్‌టీఎస్‌సీ ఎందుకు? అదే డిస్క్‌ను న్యూజెర్సీలో, దుబాయ్‌లో, హైదరాబాద్‌లో అమ్ముకోవచ్చు కాబట్టి. విదేశాల్లో ఉన్న మనవాళ్లే పెద్ద కొనుగోలుదారులు. తాళం వేస్తే నష్టపోయేది అమ్మేవాడే. అదే సమయంలో మన దగ్గర ధరలు ఎంత తక్కువంటే, 2007లో మోజర్ బేర్ వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34 రూపాయలకు అమ్మింది. హాలీవుడ్ స్టూడియోలు రీజియన్ గోడలు కట్టింది సరిగ్గా ఇలాంటి ధరల తేడాను చూసే. వీసీడీకైతే రీజియన్ కోడ్ అనేదే లేదు.

రెండు అడ్డంకులకు ఒకదానితో ఒకటి సంబంధం లేదనడానికి మంచి ఉదాహరణ జపాన్. జపాన్, బ్రిటన్ రెండూ రీజియన్ 2. కానీ జపాన్‌ది ఎన్‌టీఎస్‌సీ, బ్రిటన్‌ది పాల్. మన ఇళ్లలో దొరికే రకాలు ఇలా ఉంటాయి:

• కువైట్‌లో కొన్న హాలీవుడ్ డిస్క్: రీజియన్ 2, పాల్. బొమ్మ మన టీవీకి సరిపోతుంది, తాళం మాత్రం అడ్డం.
• అమెరికాలో కొన్న హాలీవుడ్ డిస్క్: రీజియన్ 1, ఎన్‌టీఎస్‌సీ. రెండు అడ్డంకులూ ఉన్నాయి.
• అమెరికాలో ఇంట్లో రాసిన డిస్క్: తాళం లేదు, ఎన్‌టీఎస్‌సీ. మన దగ్గర ఆడుతుంది.
• అనంతపురం పెళ్లి డిస్క్: తాళం లేదు, పాల్. మన దగ్గర ఓకే, అమెరికా ప్లేయర్‌లో కష్టం.

లక్షణం చూసి జబ్బు చెప్పొచ్చు

మాటలు వస్తూ బొమ్మ పరుగెత్తినా, రంగు లేకపోయినా అది పాల్, ఎన్‌టీఎస్‌సీ తేడా. రీజియన్ అనే మాటతో మెసేజ్ వస్తే అది తాళం. "నో డిస్క్" అంటే గీతలు, దుమ్ము, లేదా రాసిన డిస్క్‌ను ఫైనలైజ్ చేయకపోవడం. చిన్న డిస్కుల హ్యాండీక్యామ్‌లతో తీసినవాటిలో ఈ చివరి సమస్య ఎక్కువ. అమెరికా ప్లేయర్ పాల్ డిస్క్‌ను చూసి ఒక్కోసారి "డిస్క్ ఎర్రర్" లాంటిదే చూపిస్తుంది. మా అక్క మోసపోయింది అక్కడే.

మాయాబజార్‌లో 7 నిమిషాలు మాయం

ఇంకో తమాషా ఉంది. సినిమా తీసేది సెకనుకు 24 ఫ్రేముల్లో. పాల్‌కు 25 కావాలి. మామూలుగా చేసే పని, సినిమాను కొంచెం వేగంగా తిప్పేయడం. దాదాపు 4 శాతం. 184 నిమిషాల "మాయాబజార్"ను ఇలా పాల్‌లోకి ఎక్కిస్తే సుమారు 177 నిమిషాల్లో అయిపోతుంది. ఒక్క సీన్ కూడా కట్ చేయకుండానే 7 నిమిషాలు పోతాయి. గొంతులను సరిచేయకపోతే ఘంటసాల గారి పాట కూడా కొంచెం సన్నగా, పై శ్రుతిలో వినిపిస్తుంది. ఎన్‌టీఎస్‌సీలో నిడివి మారదు. ఒక ఫ్రేమును రెండుసార్లు, తర్వాతి దాన్ని మూడుసార్లు చూపించి లెక్క సరిచేస్తారు. దానివల్ల కెమెరా మెల్లగా కదిలే షాట్లలో చిన్న కుదుపు కనిపిస్తుంది. ఒకే సినిమా రెండు డిస్కుల మీద రెండు నిడివులు కనిపిస్తే కంగారు పడకండి.

ఇదంతా పాత కథ అనుకుంటున్నారా?

మీ ఫోన్ తీసి ట్యూబ్‌లైట్ కింద 30 ఎఫ్‌పీఎస్‌లో వీడియో తీయండి. కొన్నిసార్లు నల్లటి పట్టీలు మెల్లగా కదులుతాయి. 50 హెర్ట్జ్ కరెంటు మీద లైటు సెకనుకు 100 సార్లు మినుకుతుంది. 30 అనేది అమెరికా లెక్క, 100ను అది సమానంగా భాగించదు. 25 అయితే ఒక్కో ఫ్రేముకు సరిగ్గా 4 మినుకులు. ప్రో మోడ్‌లో షట్టర్‌ను 1/50 లేదా 1/100కు పెడితే పట్టీలు పోతాయి. ఐఫోన్‌లో రికార్డ్ వీడియో సెట్టింగ్స్‌లో "షో పాల్ ఫార్మాట్స్" ఆన్ చేస్తే 25 ఎఫ్‌పీఎస్ ఆప్షన్ వస్తుంది. డబ్బా టీవీలు పోయినా పాల్ మీ జేబులోనే ఉంది.

తాళం కూడా పోలేదు. బ్లూ-రేలో నంబర్ల బదులు ఏ, బీ, సీ అక్షరాలు వచ్చాయి, మనది సీ. 4కే అల్ట్రా హెచ్‌డీ బ్లూ-రేకు వచ్చేసరికి రీజియన్ కోడ్ తీసేశారు. కానీ ఓటీటీలో "ఈ టైటిల్ మీ దేశంలో లేదు" అని వచ్చేది అదే పాత ఆలోచన. డిస్క్ బదులు మీ ఐపీ అడ్రస్ చూస్తారు, అంతే తేడా.

ఇప్పుడు మీరు చేయాల్సింది

మొన్న వేసవిలో అక్క ఇంటికి వచ్చినప్పుడు పాత సర్టిఫికెట్ల ఫైల్‌లో ఆ ఉగాది డిస్క్ బయటపడింది. "ఇది పాడైందిరా" అనింది. యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్‌ను ల్యాప్‌టాప్‌కు పెట్టి వీఎల్‌సీలో తెరిచాను. కంప్యూటర్‌కు పాల్, ఎన్‌టీఎస్‌సీ తేడా లేదు, ఏదైనా ఆడిస్తుంది. అవ్వ తెర మీదికి వచ్చి అక్క పేరు పెట్టి పిలిచింది. అవ్వ పోయి అప్పటికి చాలా ఏళ్లయింది. అక్క ఆ గంట వీడియోను మొదటిసారి చూసింది. ఆ రోజు ఫోన్‌లో ఏం చెప్పిందో కూడా అప్పుడే మాకు చెప్పింది.

మీ ఇంట్లో అలాంటి డిస్క్ ఉంటే ఈ క్రమంలో చేయండి:

1. మెత్తటి పొడి గుడ్డతో డిస్క్‌ను మధ్య నుంచి అంచుకు తుడవండి. గుండ్రంగా తిప్పొద్దు.

2. యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్ ఒకటి సంపాదించండి, స్నేహితుడి దగ్గర అప్పు అయినా సరే. డ్రైవ్ రీజియన్ మార్చమని అడిగితే వెంటనే ఒప్పుకోకండి, ఉన్నవి 5 అవకాశాలే. ఇంట్లో రాసిన డిస్క్ అసలు అడగదు.

3. వీడియో_టీఎస్ అనే ఫోల్డర్‌ను మొత్తంగా కాపీ చేసుకోండి. మామూలు డిస్క్ 4.7 జీబీ లోపే. ఇదే మీ ఒరిజినల్, డిలీట్ చేయకండి.

4. ఫోన్‌లో చూసుకోవడానికి హ్యాండ్‌బ్రేక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఎంపీ4గా మార్చండి. ఫ్రేమ్ రేట్ దగ్గర "సేమ్ యాజ్ సోర్స్" పెట్టండి. 25ను 30కి, 29.97ను 25కి మారిస్తే కదలికలు కుదుపుగా వస్తాయి. కదిలే చోట దువ్వెన పళ్లలాంటి గీతలు కనిపిస్తే డీఇంటర్‌లేస్ ఆన్ చేయండి.

5. రెండు కాపీలు రెండు చోట్ల పెట్టండి. ఇంట్లో రాసిన డిస్కుల్లో డేటా ఉండేది రంగు పొరలో. ఎండ, వేడి దానికి పడవు. 40 డిగ్రీలు దాటే మన వేసవుల్లో రేకుల కింద అటక మీద ఉన్న డిస్క్ ప్రతి ఏడాదీ కొంచెం కొంచెం చస్తూ ఉంటుంది.

కంపెనీ సినిమా డిస్కుల సంగతి వేరు. కాపీరైట్ చట్టంలో 2012లో చేర్చిన 65ఏ సెక్షన్ ప్రకారం, హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో రక్షణ తాళాన్ని తప్పిస్తే 2 ఏళ్ల దాకా జైలు, జరిమానా పడొచ్చు. పైన చెప్పినదంతా మీ ఇంటి వీడియోల కోసమే.

విదేశాల్లో ఉన్న మీ అక్కకో అన్నకో ఈరోజు ఒక మెసేజ్ పెట్టండి: "మేము పంపిన డిస్క్ ఏదైనా ఆడలేదా?" ఆడలేదంటే పారేయొద్దని చెప్పండి. ల్యాప్‌టాప్‌లో ఒకసారి పెట్టి చూడమనండి.